మా చెరువు కాకులు మనిషిని గుర్తుపడుతున్నాయా, తువ్వాలునా?

చెరువుగట్టు (శనివారం, రాత్రి 9:20)

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర ఊరు. కొబ్బరితోట వెనకాల రెండు రొయ్యల చెరువులున్నాయి, వనామీ రకం రొయ్య వేశాం. పీతలు రాకుండా కంచె, పిట్టలు వాలకుండా పైన తాళ్ళు, అన్నీ కట్టాం. అయినా చెక్‌ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం) పైకి లాగిన నిమిషానికల్లా గట్టు మీద కాకి సిద్ధం. ఒక చెరువులో చచ్చిన రొయ్యను ఎత్తుకెళ్ళి ఇంకో చెరువులో జారవిడిస్తే వైట్ స్పాట్ వైరస్ రోగం వస్తుందేమోనని పంట చేతికొచ్చేదాకా మాకు టెన్షనే.

నేను అడగాలనుకున్నది మాత్రం వేరే. మా కాపలా బాబాయి మకాం గుమ్మం దాటి అడుగు బయటపెడితే చాలు, తోటలో ఉన్న కాకులన్నీ లేచి ఆయన నెత్తి మీద గోల గోల. గట్టు చివరిదాకా వెంటబడతాయి. అదే నేను వెళితే పట్టించుకోవు, చెక్‌ట్రేకి నాలుగడుగుల దూరంలో కూర్చుని నన్నే చూస్తుంటాయి. పోయిన ఏడు బాబాయి వడిసెలతో విసిరిన రాయి ఒక కాకికి తగిలింది. అప్పటినుంచే ఇదంతా అంటాడు ఆయన. పాములే కాదు, కాకులూ పగబడతాయని మా అమ్మ.

కాకి నిజంగా మనిషి మొహం గుర్తుపెట్టుకుంటుందా? లేక ఆయన భుజం మీది ఎర్ర తువ్వాలునా? తెలిసినవాళ్ళు చెప్పండి.

లంకగాలి (శనివారం, రాత్రి 9:41)

పోయిన నెల మా తాతగారి ఆబ్దికానికి పిండం పెట్టి రెండు గంటలు ఎదురుచూశాం, ఒక్క కాకి రాలేదు. అన్నీ మీ చెరువు మీదే ఉన్నాయన్నమాట. కాస్త ఇటు తోలండి బాబూ.

పాతమాస్టారు (శనివారం, రాత్రి 10:15)

జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, ఇలాంటి ప్రశ్న చూస్తే నిద్రపట్టదు.

కాకులు మొహం గుర్తుపడతాయన్నది ఊరి మాట మాత్రమే కాదు, పరీక్షించి చూశారు. అమెరికాలో సియాటిల్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో కొన్ని కాకుల్ని వలవేసి పట్టి, కాళ్ళకు గుర్తు కడియాలు వేసి వదిలేసింది. పట్టేటప్పుడు అందరూ ఆదిమానవుడి రబ్బరు ముసుగు తొడుక్కున్నారు. ఆ తర్వాత అదే ముసుగుతో క్యాంపస్‌లో ఊరికే నడిస్తే కాకులు మీదికొచ్చి అరిచాయి. పోలిక కోసం ఇంకో ముసుగు కూడా వాడారు, అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చేనీది. దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ముసుగు వేసుకున్న మనిషి మారినా, నడక మారినా, బట్టలు మారినా కాకులకు ఒకటే: ఆ మొహం కనబడితే గొడవ.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అరిచే కాకులు తగ్గలేదు, పెరిగాయి. వలలో ఎన్నడూ పడనివి, అప్పటికింకా పుట్టనివి కూడా అరిచాయి. అంటే పిల్లలు పెద్దవాటిని చూసి నేర్చుకున్నాయి. మీ బాబాయి రాయి తగిలింది ఒక్క కాకికి, అరిచేది తోటంతా. అందులో వింతేమీ లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. అవి అమెరికా కాకులు. మన ఊళ్ళో కనబడే బూడిద మెడ కాకి వేరే జాతి, బంధువే కానీ అదే కాదు.

సందేహాలరావు (ఆదివారం, ఉదయం 6:50)

మాస్టారూ, కాకిని మరీ ఆకాశానికెత్తకండి. అంత తెలివైనదైతే తన గూట్లో కోకిల గుడ్డు పెట్టిపోతే ఎందుకు గుర్తుపట్టదు? నల్లగా తనలాగే ఉందనుకుని కోకిల పిల్ల నోట్లో వేళకింత ముద్ద పెడుతుంది. సియాటిల్లో మొహం గుర్తుపట్టే జాతికి ఇక్కడ సొంత గుడ్డు తెలియదు!

ఇంకోటి. కాకి తెలివి అనగానే అందరూ చూపించే వీడియో ఒకటుంది కదా, తీగ వంచి కొక్కెం చేసిన కాకి. ఆక్స్‌ఫర్డ్‌లో బెట్టీ అనే న్యూ కాలిడోనియా కాకి. 2002లో పేపర్ వచ్చినప్పుడు, ఎవరూ నేర్పకుండా అప్పటికప్పుడు కొక్కేన్ని కనిపెట్టిందని ప్రపంచమంతా చెప్పుకున్నారు. 2016లో తేలిందేమిటి? ఆ జాతి కాకులు అడవిలో కూడా మెత్తటి పుల్లల్ని అలాగే వంచి పనిముట్లు చేసుకుంటాయి. కొక్కెం బెట్టీ బుర్రలో అప్పుడే పుట్టిందా, పుట్టుకతో వచ్చిన అలవాటా? ముందు పొగిడేసి తర్వాత నాలిక్కరుచుకోవడం మనకు అలవాటైపోయింది.

పాతమాస్టారు (ఆదివారం, ఉదయం 8:05)

రావుగారూ, మీరు అన్నవి రెండూ నిజమే. కానీ కోకిల గుడ్డు దగ్గర మీరు తెలివిని ఒకే డబ్బాలో పోసిన బియ్యంలా చూస్తున్నారు, ఎక్కువుంటే అన్నిటికీ ఎక్కువ, తక్కువుంటే అన్నిటికీ తక్కువ అని. అలా ఉండదు. మొహం పోల్చుకోవడం ఒక పని, గుడ్డు పోల్చుకోవడం ఇంకో పని. మా ఇంట్లో ఒకాయన ఊరందరి ఇంటిపేర్లు గోత్రాలతో సహా చెబుతాడు, కళ్ళజోడు మాత్రం రోజూ వెతుక్కుంటాడు. (నేనే.)

బెట్టీ సంగతిలో మీ అనుమానం సరైనదే. ఇలాంటి అనుమానాలకు మూలపురుషుడు ఒక గుర్రం. 1900 తొలి ఏళ్ళలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే గిట్టతో తట్టి జవాబు చెప్పేది. యజమాని ఫాన్ ఓస్టెన్ మోసగాడు కాదు, డబ్బు తీసుకునేవాడు కాదు. 1904లో పెద్దల కమిటీ వచ్చి చూసి మోసమేమీ లేదని తేల్చింది. అప్పుడు ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటీ తీసేసి చూశాడు. అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియలేదు. అడిగేవాడు కనబడకుండా కళ్ళకు అడ్డం పెడితే అస్సలు చెప్పలేకపోయింది. సరైన అంకె రాగానే అడిగినవాడి తల తనకు తెలియకుండానే రవ్వంత కదిలేది, గుర్రం దాన్ని చూసి ఆపేది. లెక్కలు రాకపోయినా, మనుషులెవరూ గమనించని కదలికను అది పట్టింది. నన్నడిగితే లెక్కలకంటే అదే గొప్ప.

చెరువుగట్టుగారూ, మీరూ ఫుంగ్స్ట్ చేసిన పనే చేయండి. తువ్వాలు మార్చండి, చొక్కా మార్చండి, ఒక్కసారికి ఒక్కటే. రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో నడవాలి. లెక్కపెట్టే మనిషి వేరే ఉండాలి. ఆ మనిషికి కాకులు తప్ప మీరిద్దరూ కనబడకపోతే ఇంకా మంచిది. ఎవరు నడుస్తున్నారో తెలిస్తే మనకు తెలియకుండానే ఎక్కువ లెక్కపెడతాం.

చెరువుగట్టు (ఆదివారం, ఉదయం 8:30)

మా చెల్లెలు డిగ్రీ సెలవులకి వచ్చింది, లెక్కపెడతానంటోంది. మకాం లోపల కూర్చుని కిటికీలోంచి తోట మాత్రం చూస్తుంది, గట్టు కనబడదు. వారం రోజులు ఆగండి.

మడపడవ (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

ఈలోగా నాదీ ఒక మాట. నేను కోరంగి మడ అడవుల వైపు పడవ నడుపుతాను. అక్కడ నీటికుక్కలున్నాయి, గుంపుగా తిరుగుతాయి. పాయ మలుపులో కొన్ని ఒకవైపు నుంచి, కొన్ని ఇంకోవైపు నుంచి చేపల్ని తోలడం నా కళ్ళతో చూశాను. మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. వలలో చేపను తల కొరికి మొండెం వదిలేసినప్పుడు మాత్రం తిట్టుకుంటాం, అది వేరే సంగతి. వీటి మీద కూడా ఎవరైనా చదివారా మాస్టారూ?

పాతమాస్టారు (ఆదివారం, మధ్యాహ్నం 3:25)

చదివారండి. మీ కోరంగిలో ఉన్న నున్నటి బొచ్చు నీటికుక్క జాతి మీదే. జూలలో పెంచే గుంపులకు మూతపెట్టిన డబ్బాల్లో తిండి పెట్టి, ఎవరు ముందు తీస్తారో, ఎవరిని చూసి ఎవరు నేర్చుకుంటారో చూశారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. మీ కోరంగి జాతి నీటికుక్క పిల్లలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయి, పెద్దవాటికంటే చాలా ముందు మూత తీశాయి. అదే పరీక్షలో చిన్న గోళ్ళ నీటికుక్కల్లో అలా చూసి నేర్చుకున్న గుర్తులు కనబడలేదు. గుంపుగా చేపల్ని తోలే జాతికి పక్కవాణ్ణి గమనించడం బతుకుతెరువు కదా, అందుకేనేమో అన్నది ఒక ఊహ.

బంగ్లాదేశ్‌లో ఈ జాతినే మచ్చిక చేసి, తాడు కట్టి, చేపల్ని వలలోకి తోలడానికి జాలర్లు వాడతారు. మీరు తిట్టుకునేదాన్ని అక్కడ జీతగాణ్ణి చేశారు.

కొబ్బరిచిప్ప (ఆదివారం, సాయంత్రం 6:00)

నా పేరు చూసి అయినా ఇది చెప్పాలి. ఇండోనేషియా సముద్రంలో ఒక ఆక్టోపస్ మనుషులు పారేసిన కొబ్బరి చిప్పల్ని ఏరుకుంటుందట. రెండు చిప్పల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి, పైన కూర్చుని, కాళ్ళు బిగదీసి కర్రల మీద నడిచినట్టు ఇసుకలో నడుస్తూ మోసుకుపోతుంది. ప్రమాదం వస్తే చిప్పలు మూసుకుని లోపల దాక్కుంటుంది. 2009లో పరిశోధకులు ఇది పనిముట్టు వాడకమే అన్నారు, ఎందుకంటే మోసేటప్పుడు దానికి చిప్పవల్ల లాభమేమీ లేదు, కష్టమే. తర్వాత పనికొస్తుందని మోస్తోంది. మన కోనసీమలో ఇన్ని చిప్పలు పొయ్యిలో పెడుతున్నాం, ఆలోచించండి.

సందేహాలరావు (ఆదివారం, సాయంత్రం 6:20)

నత్త గుల్లను మోస్తుంది, దానికీ డిగ్రీ ఇద్దామా?

కొబ్బరిచిప్ప (ఆదివారం, సాయంత్రం 6:24)

నత్తకు గుల్ల ఒంటికి అతుక్కుని ఉంటుందండి. ఆక్టోపస్‌కి వద్దనుకుంటే వదిలేసే వీలుంది. తేడా లేదూ?

తాటిముంజ (సోమవారం, ఉదయం 7:15)

దూరదేశాలు ఎందుకు, మా కాలవ గట్టున తాటిచెట్టుకు గిజిగాడి గూళ్ళు చూడండి. తొలకరి పడగానే మొదలు. మగది వరి ఆకు, తాటాకు పీచు చీల్చుకొచ్చి ముడి వేస్తుంది, కుడుతుంది, టోపీలా సగం గూడు కట్టి ఆగుతుంది. ఆడది వచ్చి లోపలికెళ్ళి చూసుకుంటుంది. నచ్చితే మిగతా సగం పూర్తి. నచ్చకపోతే గూడు సగంలోనే, మగది ఇంకోటి మొదలుపెడుతుంది. సాలిం అలీగారు దీన్నే కూర్చుని గమనించి 1931లో రాశారు. చిన్నప్పుడు మేము రాలిన గూళ్ళు తెచ్చి అటక మీద దాచుకునేవాళ్ళం, లోపల మట్టి ముద్దలుండేవి. దీపానికి మిణుగురును అంటించడానికని మా అమ్మమ్మ కథ.

నా ప్రశ్న: ఈ కుట్టడం పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటుందా?

పాతమాస్టారు (సోమవారం, ఉదయం 9:40)

కొంచెం అదీ, కొంచెం ఇదీ. ఆఫ్రికాలో గిజిగాడి బంధువుల మీద కొలియాస్ దంపతులు పనిచేశారు. కొన్ని మగ పిల్లల్ని చిన్నప్పటినుంచి ఆకు, పీచు ఏమీ దొరక్కుండా పెంచారు. పెద్దయ్యాక పీచు చేతికిచ్చినా, అంటే ముక్కుకిచ్చినా, మిగతావాటిలా అల్లలేకపోయాయి. అల్లాలన్న యావ పుట్టుకతో ఉంది, చెయ్యి తిరగడానికి సాధన కావాలి. కొత్త పిట్ట తొలి గూళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది, చిందరవందరగా ఉంటాయి. మిణుగురు కథ మాత్రం అమ్మమ్మదే. మట్టి ఎందుకో ఒక్కొక్కరు ఒక్కోటి అన్నారు, గాలికి గూడు ఊగకుండా బరువు కోసమన్నది ఒక మాట.

చెరువుగట్టు (శనివారం, రాత్రి 8:50)

వారమైంది, ఫలితాలు. రోజూ పొద్దున్న ఏడింటికి ఒకే దారి, మకాం నుంచి తూము దాకా.

మొదటి రెండు రోజులు మామూలుగా. బాబాయికి గోల, నాకు నిశ్శబ్దం. మూడో రోజు ఎర్ర తువ్వాలు నేను వేసుకున్నాను. ఒక్క కాకి కూడా లేవలేదు. అంటే తువ్వాలు కాదు! నాలుగో రోజు చొక్కా, లుంగీ కూడా మార్చుకున్నాం. ఆయన నా ప్యాంటులో కాస్త అవస్థపడ్డాడు. అయినా గోల ఆయనకే. అయిదో రోజు ఇద్దరం హెల్మెట్ పెట్టుకుని వెళ్ళాం, అద్దం దించి. మొహం కనబడదు కదా. ఇక్కడే బుర్ర పనిచేయడం మానేసింది: హెల్మెట్ ఉన్నా సరే బాబాయి మీదికే వచ్చాయి.

నడకను బట్టి గుర్తుపట్టాయా? ఆయన కుడికాలు కాస్త ఈడుస్తాడు. చెల్లెలు రాసిన లెక్కలన్నీ ఉన్నాయి, ఆవిడకి ఎవరు వెళ్ళారో తెలియదు, నిజం.

లంకగాలి (శనివారం, రాత్రి 9:02)

పొద్దున్న ఏడింటికి హెల్మెట్లతో గట్టు మీద ఇద్దరు. ఊళ్ళో ఏమనుకున్నారో అది కూడా రాయండి.

పాతమాస్టారు (శనివారం, రాత్రి 9:30)

బ్రహ్మాండంగా చేశారు. మొహం దాచినా గుర్తుపట్టడం సియాటిల్ సంగతికి సరిపోలేదు, అక్కడ మొహమే ముఖ్యమైంది. నడక కావచ్చు, రేపు మీరు కాలు ఈడుస్తూ నడవండి.

సందేహాలరావు (శనివారం, రాత్రి 9:48)

ఆగండి. బాబాయి ఒక్కడే వెళతాడా, వెంట ఏదైనా ఉంటుందా? బకెట్, కర్ర, టార్చి? మీరు వెళ్ళినప్పుడు కూడా అవే పట్టుకెళ్ళారా?

చెరువుగట్టు (శనివారం, రాత్రి 9:55)

బకెట్ ఇద్దరమూ పట్టుకెళ్ళాం. ఇంకేం లేదు. కుక్క ఒకటి వెళుతుంది అనుకోండి, అది ఎప్పుడూ ఆయన వెంటే. నాతో రాదు, పిలిచినా రాదు.

సందేహాలరావు (శనివారం, రాత్రి 9:56)

కుక్కా?!

పాతమాస్టారు (శనివారం, రాత్రి 10:10)

రావుగారికి నా దండం. హాన్స్ కథ ఇంత పొడుగు చెప్పినవాణ్ణి నేను, కుక్క గురించి అడగాలని తట్టలేదు.

రేపు కుక్కను కట్టేయండి. బాబాయి ఒక్కడే నడవాలి. ఆ మర్నాడు బాబాయిని ఇంట్లో ఉంచి కుక్కను మీతో నడిపించండి. రాకపోతే బిస్కెట్ చూపించండి, వేలు పెట్టి దారి చూపించినా వస్తుంది. సరదాకి అనడం లేదు. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద చేసిన పరీక్షల్లో, ఎవరూ పెంచని కుక్కలు కూడా ముక్కూమొహం తెలియని మనిషి వేలు చూపించిన గిన్నె దగ్గరికి వెళ్ళాయి. భయపడి దగ్గరికి రానివి వేరే.

మడపడవ (ఆదివారం, ఉదయం 5:40)

కుక్క అనగానే గుర్తొచ్చింది. మా రేవులో కాకులు నా పడవ మీద ఎప్పుడూ అరవవు, పిల్లి ఎక్కితే మాత్రం రేవంతా ఏకమవుతాయి. మీ కాకులకు పగ ఎవరి మీదో ముందే అడగాల్సింది.

చెరువుగట్టు (మంగళవారం, రాత్రి 9:15)

ఆదివారం కుక్కను కట్టేశాం. బాబాయి సొంత లుంగీలో, ఎర్ర తువ్వాలుతో, కాలు ఈడుస్తూ తూము దాకా వెళ్ళి వచ్చాడు. ఒక కాకి లేచి రెండుసార్లు అరిచి మళ్ళీ కూర్చుంది, అంతే. సోమవారం కుక్కకు బిస్కెట్ పాకెట్టంతా తినిపిస్తూ నేను తీసుకెళ్ళాను. అమ్మో! జీవితంలో మొదటిసారి కాకులు నా మీదికొచ్చాయి. ఒకటి నెత్తి మీద తన్నినంత పని చేసింది. ఈరోజు కుక్క లేకుండా నేను వెళ్ళాను, మళ్ళీ నిశ్శబ్దం.

సాయంత్రం ఇదంతా బాబాయికి వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, "వైశాఖంలో గూట్లోంచి పడ్డ కాకి పిల్లను ఇదే పట్టుకుందండి. నన్నడిగితే మొదటిరోజే చెప్పేవాణ్ణి కదా, ఆయ్" అన్నాడు.

"మరి రాయి తగలబట్టే అన్నావు కదా" అంటే, "అదీ నిజమేనండి" అన్నాడు.

పాతమాస్టారు (మంగళవారం, రాత్రి 9:40)

ఆ ఒక్క కాకి సంగతి వదిలేయకండి. ఆదివారం కుక్క లేకపోయినా లేచింది ఒకటుంది కదా. రాయి తగిలింది దానికే అయితే? కాలికో రెక్కకో పాత దెబ్బ గుర్తు ఉందేమో మీ చెల్లెల్ని బైనాక్యులర్స్‌తో చూడమనండి.

సందేహాలరావు (మంగళవారం, రాత్రి 9:44)

రెండుసార్లు అరిచినదానికి పగ అంటే ఒప్పుకోను. కానీ చూడండి. నేనూ ఆదివారం అటు వస్తున్నాను, అంబాజీపేటలో పని ఉంది.

చెరువుగట్టు (మంగళవారం, రాత్రి 9:52)

రండి, రొయ్యల వేపుడు చేయిస్తాను. హెల్మెట్ మీదే తెచ్చుకోండి, బాబాయి తలకు నాది బిగుతైపోయి ఊడదీసేసరికి అద్దం విరిగింది. చెల్లెలు బుధవారం పొద్దున్న చూస్తానంది. అన్నట్టు, ఈ గొడవలో పడి సోమవారం చెక్‌ట్రే గట్టు మీదే వదిలేశాను. నేను కుక్కతో తూము దగ్గర ఉండగా వెనకనుంచి ట్రే మొత్తం ఖాళీ.